మచ్చు రంగు

షుగరు వచ్చిందని ధర్మవరంలో ఎవరికీ తెలియకూడదని మా నాయన హిందూపురం పోయి డాక్టరుకు చూపించుకునేవాడు. ధర్మవరంలో డాక్టర్లు లేక కాదు. ఇక్కడి ఆస్పత్రి బెంచీ మీద పక్కన కూర్చునేవాడు మనకు తెలిసినవాడే అయ్యుంటాడని భయం. ప్యాసింజరు రైల్లో ఎవరైనా పలకరిస్తే బంధువులింటికి పోతున్నానని చెప్పేవాడు. హిందూపురంలో మాకు నెలనెలా పోయి చూడాల్సినంత దగ్గరి బంధువులెవరూ లేరు.

తొంభైల మొదట్లో మాట ఇది. ఇంట్లో షుగరు చూసుకోవాలంటే మాకు అప్పుడు రక్తం కాదు, మూత్రమే. గాజుగొట్టంలో నీలం మందు పోసి, కొన్ని చుక్కల మూత్రం కలిపి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే మంచిది. పచ్చబడితే కొంచెం ఉన్నట్టు, పసుపుకు తిరిగితే ఎక్కువున్నట్టు, ఇటుక రంగుకు వస్తే కొంప మునిగినట్టు. అమ్మ ఆ గొట్టాన్ని వంటింటి ఛాయలకు కూడా రానివ్వలేదు. దాంతో నాయన దాన్ని తన షెడ్డులోకి మార్చాడు.

పట్టు నూలుకు రంగు వేయడం నాయన పని. డాక్టరు ఇచ్చిన రంగుల కాగితం చూసి ఆయనకు కోపం వచ్చింది.

"దీన్ని పచ్చ అనే వానికి కండ్లు లేవు" అని దాన్ని పక్కన పడేశాడు. గొట్టంలో వచ్చే రంగులకు తానే పేర్లు పెట్టుకున్నాడు. లేత మామిడాకు, నిమ్మపండు, బంతిపువ్వు. రోగం తనదైనా రంగు విషయంలో మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు.

కానీ ఆ షెడ్డులో రంగు పట్టేది పెళ్లిచీరల నూలు. ఆ నూలు ఉడికే చోటే మూత్రం కాస్తున్నారని తెలిస్తే ఏ నేతగాడు మా గడప తొక్కుతాడు? మా కూడు పోతుంది, పరువూ పోతుంది. మూత్రం సీసాను ఓణీ చాటున పెట్టుకుని దొడ్డి నుంచి షెడ్డుకు తెచ్చేది నేను. దారిలో పిల్లి ఎదురైనా నాకు సిగ్గేసేది.

ఒకరోజు పొద్దున గొట్టం దీపం మీద ఉండగానే, మాకు ఎప్పుడూ నూలు ఇచ్చే నేతాయన లోపలికి వచ్చేశాడు. వరసకు ఏమీ కాకపోయినా ఆయన్ను నేను మామా అనేదాన్ని. దాచడానికి వేళ లేదు. నాయన చేతిలో పట్టకారు, పట్టకారులో గొట్టం, గొట్టంలో నిమ్మపండు రంగు.

"ఏందప్పా అది?" అన్నాడు మామ.

"కొత్త రంగుకు మచ్చు చూస్తాండా" అన్నాడు నాయన. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను బానల వెనక్కి తప్పుకున్నాను.

మామ గొట్టాన్ని వంగి చూశాడు. పక్కనున్న నీలం మందు సీసానూ చూశాడు. ఆ తర్వాత, "బాగుండాదే. మా పాప పెండ్లిచీరకు ఈ రంగే వెయ్యి" అన్నాడు.

నాయన ఏం చెప్పి తప్పించుకుంటాడు? వేశాడు. ఎర్ర అంచుతో ఆ చీర ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. మగ్గం మీద దాన్ని చూసి అందరూ మెచ్చుకుంటుంటే మా ఇద్దరికీ ఎటు చూడాలో తెలియలేదు.

పెళ్లి పెనుకొండలో జరిగింది. భోజనాల వరసలో నాయన పక్కనే నేను కూర్చున్నాను. లడ్డు వద్దంటే ఎందుకని అడుగుతారు, అందుకని ఈ ఒక్కపూట తినేస్తానని నాయన రైల్లోనే అమ్మతో తేల్చి చెప్పాడు. మామే స్వయంగా లడ్లు వడ్డిస్తూ వచ్చాడు. నా ఆకులో వేశాడు. నాయన ఆకు దాటిపోయి అవతలివాళ్ల ఆకులో వేశాడు.

పెళ్లింట్లో తీపి లేకుండా ఒక్క ఆకును దాటిపోవడమంటే మనిషిని వరసలోంచి లేపేసినట్టే. నాయన చేయి అన్నంలోనే ఆగిపోయింది. ముఖం నల్లబడింది. లేచి, ఆకు అట్లాగే వదిలేసి బయటికి నడిచాడు. అంతమంది చూస్తుండగా నేనూ ఎంగిలి చేత్తో ఆయన వెంట పోయాను.

"తెలిసిపాయ. అసయ్యించుకున్నాడు" అన్నాడు నాయన స్టేషన్లో.

ఆ తర్వాత మామ నూలు పంపినా నాయన ముట్టకుండా తిప్పి పంపేవాడు. గొట్టాన్ని అటక మీదికి విసిరేశాడు. షుగరు చూసుకోవడమే మానేశాడు. ఆ మొండితనం ఖరీదు ఆయన ఎడమకాలి బొటనవేలు.

రెండువేల సంవత్సరం దాటాక ఇంటికి మిషన్ వచ్చింది. వేలికి సూది, పట్టీ మీద చుక్క రక్తం, తెరమీద అంకె. అప్పటికీ మేం వీధి తలుపు వేసుకునే చూసేవాళ్లం. ఒకరోజు అట్లా చూస్తుండగా ఎవరో తలుపు తట్టారు. తీస్తే మామ. బాగా ముసలివాడైపోయాడు.

"నాకూ వచ్చిందమ్మా షుగరు. మీ ఇంట్లో మిషన్ ఉండాదంట కదా?"

"ఎవరు చెప్పినారు మామా?"

"మీ చెత్తలో ఆ పట్టీల డబ్బాలు వీధంతా చూస్తాండారు కదమ్మా" అన్నాడు.

నాయన ముఖం గోడకు తిప్పుకున్నాడు. మామ ఎదురుగా కూర్చుని తానే మొదలుపెట్టాడు.

"మా అమ్మకు ఇదే రోగం అబ్బా. ఆ నీలం మందు మా ఇంట్లో గూడా కాసినాము. ఆ పొద్దు షెడ్డులో అడుగుపెడతానే నాకు తెలిసిపాయ. లడ్డు నీకు ఇసమని దాటిపోతి. అందరి ముందర చెప్తే నీకు తలవంపులని నోరు తెరవలేదు. నువ్వేమో లేసి పోతివి."

ఇన్నేళ్లూ ఆ మనిషిని మేం ఇంట్లో కూర్చుని తిట్టిన తిట్లన్నీ నాకు గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను. నాయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. తర్వాత దూది తీసుకుని, మామ వేలు పట్టుకుని తుడిచాడు. ఎంత తుడిచినా సూది గుచ్చలేకపోయాడు.

"తెలిసి గూడా ఆ రంగే ఎందుకడిగితివప్పా?" అన్నాడు తల ఎత్తకుండా.

"మచ్చు చూస్తాండానంటివి కదబ్బా" అన్నాడు మామ. "మచ్చు చూసినంక అడక్కుండా పోతే, నీ మాట ఏం కావల్ల?"