లిథియంలో వాటా అడిగినందుకు

కరోనా లాక్‌డౌన్లలో జర్మనీలో, ఇంగోల్‌స్టాట్‌లోని మా వంటగదే నాకు ఆఫీసు. కార్ల బ్యాటరీల మీద పనిచేసే కంపెనీలో ఇంజనీర్ని. బొలీవియా నుంచి లిథియం తెప్పించుకోవచ్చా అన్న విషయం మీద స్లైడ్లు తయారుచేయమని నాకూ, ఆ దేశం నుంచే వచ్చిన సహోద్యోగినికీ అప్పగించారు.

ఆమెది లిథియం దొరికే ఉప్పు మైదానాల పక్క ఊరు. అక్కడి ఎన్నికల గొడవల్లో వాళ్లన్నది ఒక పార్టీ, ఆమెది ఇంకో పార్టీ. ఇద్దరికీ మాటల్లేవు.

"ఎవరు గెలిచినా మా ఊరికి నీళ్లు కూడా రాలేదు. మా నేల కింద ఉన్నదాంట్లో మాకూ వాటా ఉండాలి. మా అన్నా నేనూ ఒప్పుకునేది ఈ ఒక్క మాటే," అంది వీడియో కాల్‌లో.

ఆ మాట నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మాది గోదావరి దగ్గర బొగ్గు గనుల ఊరు. పైనుంచే నేలంతా తవ్వే ఓపెన్‌కాస్ట్ గనికి మా వీధంతా పోయింది. మా బొగ్గుతో ఎక్కడెక్కడో దీపాలు వెలుగుతుంటే మేం కరెంటు కోతల్లో చదువుకున్నాం.

మేనేజర్ పంపిన నమూనాలో 'రిస్కులు' అన్న చోట 'స్థానికుల ఆందోళనలు' అని ఉంది. అది కొట్టేసి, 'స్థానికుల న్యాయమైన వాటా ఒప్పందంలోనే ఉండాలి' అని రాశాను. తీసేయమన్నాడు. తీయలేదు.

మా ఆయన భయపడ్డాడు. "నీకెందుకీ లొల్లి? మనల్ని ఈడ ఉండనిచ్చే బ్లూ కార్డ్ నీ ఉద్యోగం మీదనే ఉన్నది. ఈ కరోనాల ఇంకోటి దొరుకుతదా?"

"మా వీధి పోయిననాడు గూడ అందరు గిట్లనే నోర్మూసుకున్నరు," అన్నాను.

మీటింగ్‌లో డైరెక్టర్ అడిగాడు: "రిస్కుల పేజీలో ఇదేమిటి?"

"ఆ జనం రిస్కు కాదు. వాళ్లకేమీ ఇవ్వకుండా తవ్వుకోవచ్చనుకోవడమే రిస్కు," అన్నాను నా వచ్చీరాని జర్మన్‌లో.

సహోద్యోగిని మైక్ ఆన్ చేసింది. "నేను అక్కడి మనిషినే. మా ఇంట్లో రెండు పార్టీలదీ ఇదే మాట."

తర్వాతి వారం మా ఇద్దరినీ ఆ పని నుంచి తప్పించి, పాత టెస్టుల రిపోర్టులు రాయమన్నారు. ఉద్యోగాలు మాత్రం పోలేదు. ఆమె తన అన్నకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పిందట. చాలా నెలల తర్వాత ఆయన మధ్యలో ఫోన్ పెట్టేయకుండా విన్నాడట.

మా వాక్యం తీసేసి స్లైడ్లు పైవాళ్లకు పంపారని తెలిసింది. కింద మా పేర్లు అలాగే ఉన్నాయి. ఆ పేర్లు తీసేయమని మేనేజర్‌కు మెయిల్ రాశాను, డైరెక్టర్‌కు కాపీ పెట్టి. జవాబు రాలేదు. మర్నాడు మళ్లీ రాశాను.