గోడ మీది కోడలు

కొంగు బొడ్లో దోపుకుని దుప్పట్లు మార్చే ఆ వార్డు ఆయమ్మ ఏ సంగతీ తిన్నగా చెప్పదు. “నిన్న మా కోడలు, తల కాస్త ఎత్తు బాబాయ్, పిల్లిని తరమబోయి, అయ్యో దేవుడా, దిండెంత తడిసిందో, గోడెక్కేసింది...” అంటుంది. కోడలు గోడ మీదే ఉండిపోతుంది. ఈలోగా పక్క మాత్రం శుభ్రమైపోతుంది. పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దాయన వింటూ పడుకుంటాడు. ఇక మాట రాదేమోనని ఆయన కూతురికి దిగులు. “చెవులున్నాయిగా తల్లీ, పైన దేవుడున్నాడు” అని ఆయమ్మ రోజూ ఆయనకే కబుర్లు చెబుతుంది. ఇవాళ కూడా కోడల్ని గోడెక్కించి, “ఉండు బాబాయ్, కిటికీ వేసొస్తా” అని కదలబోయింది. పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెదవులు వణికాయి. “ది... దిగిందా, కోడలు?” కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆయమ్మ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మధ్యలో ఇంకేమీ చొప్పించకుండా, “దిగింది బాబాయ్” అంది.