మనుషులున్న బేచిరాగ్ ఊరు

2017. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాను ముక్కలు చేసిన మరుసటి ఏడాది. ఖానాపూర్ దగ్గరి ఒక మండల ఆఫీసులో నేను స్టాటిస్టికల్ ఆఫీసర్‌ని. కొత్త జిల్లాకు హ్యాండ్‌బుక్ వేయాలని ఆర్డర్ వచ్చింది. వాగులు, గుట్టలు, ఊళ్ల చరిత్ర, ఊరూరి జనాభా, అన్నీ ఒక్కచోట ఉండే పుస్తకం అది. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, మేం చేసేది పాత పుస్తకం ముందు పెట్టుకుని కొత్తదాంట్లోకి ఎక్కించడమే.

జూన్‌లో ఒకరోజు ఒకామె కూతురి చేయి పట్టుకుని వచ్చి నా టేబుల్ మీద కాగితం పెట్టింది. పేరు మల్లవ్వ. తమ ఊరికి అంగన్‌వాడీ కావాలని పెట్టుకున్న దరఖాస్తు వెనక్కి వచ్చింది. కింద ఒక్క ముక్క రాసి ఉంది: 'బేచిరాగ్ గ్రామం'. రెవెన్యూ భాషలో దీపం పెట్టే దిక్కు లేని ఊరు, అంటే మనుషులే లేని ఊరు.

"గీ బిడ్డకు నాలుగేండ్లు. అంగన్‌వాడి వాగు అవుతల ఉన్నది. వానలు వడితే దాటరాదు. ఊర్లె మనుషులే లేరని రాసిండ్రట. మరి నేనెవర్ని మేడమ్?"

నా పట్టిక తీసి చూశాను. ఆ ఊరి ఎదురుగా సున్నా. వారం కిందట పాత పుస్తకం చూసి నేనే ఎక్కించాను. తల కొట్టేసినట్టయింది.

మర్నాడే బయల్దేరాను. మోకాళ్ల లోతు వాగు దాటితే ఊరు. పత్తి చేలు, బర్రెలు, పెంకుటిళ్లు, మస్కట్ పోయినవాళ్లు కట్టించిన రెండు స్లాబు ఇళ్లు. మల్లవ్వ మామ రాజన్న గడపలో కూర్చుని చెప్పాడు.

"మా తాత కాలంల గత్తరొచ్చి జనం సచ్చిపోతుంటే ఊరు ఊరంత వాగు అవుతలికి పోయింది. భూములు గిక్కడనే ఉండె. ఒక్కొక్కలం మళ్ల గిక్కడికే మర్లొచ్చినం. కార్డులు, ఓట్లు అక్కడనే ఉండిపాయె."

"జనాభా లెక్కలోళ్లు రాలేదా?"

"అవుతల పంచాయతాఫీసుల కూసుండి మమ్ములనే రమ్మని, ఆ ఊరి లెక్కలనే రాసుకుంటరు. వాగెవలు దాటుతరు?"

ఇంటింటికీ తిరిగి పేర్లు రాస్తే మూడు పేజీలు నిండాయి. రాస్తున్నంతసేపూ ఒళ్లు మండిపోయింది. చెప్పులు విప్పి వాగులో దిగడం ఇష్టంలేక ఒక ఊరినే లేదనేస్తారా?

మా పై అధికారి ఆ పేజీలు తిప్పనైనా తిప్పలేదు.

"పాత పుస్తకంల ఎట్లుంటే గట్లనే పెట్టమ్మా. గిది మారిస్తే అవతలి ఊరి లెక్క మార్వాలె. ఎందుకు పరేషాన్?"

"లెక్క కోసం మనుషులనే తీసేస్తమా సార్?"

"జర మెల్లగ మాట్లాడు."

ఆ పట్టిక మీద నేను సంతకం పెట్టలేదు. వేరేవాళ్లతో పెట్టించారు. పుస్తకం సున్నాతోనే అచ్చయింది. దాని అట్ట మీద రంగుల్లో ఆ ఊరి వాగే!

ఆ మూడు పేజీలు పట్టుకుని తహసీల్దార్ దగ్గరికి, శిశు సంక్షేమ ఆఫీసుకు తిరిగాను. ఒకరు సర్వే కావాలన్నారు, ఒకరు తీర్మానం కావాలన్నారు. 2020 మొదట్లో గానీ ఆ ఊళ్లో అంగన్‌వాడీ తెరవలేదు. ఆరోజు మల్లవ్వ లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడింది.

"నా బిడ్డకు ఏడో ఏడు వడ్డది మేడమ్. ఇగ గీడ కూసోనియ్యరట."

ఆమె కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది.

అప్పటి నుంచి ఊరు చూడకుండా ఏ పట్టిక మీదా నేను సంతకం పెట్టలేదు. కానీ ఆ పిల్ల మూడు వానాకాలాలు బడి లేకుండా ఇంట్లోనే కూర్చుంది. అందుకు నేనూ కారణమే.