ఒక్క గోలు కోసం కాచుకున్న బ్యాండు

ఖతార్‌లో, దుఖాన్ పట్నంలోని డెజర్ట్ స్టార్ ఇండియన్ స్కూలు వాళ్ళు పోశన్నను గడ్డి తెలిసిన మనిషని పనిలోకి తీసుకున్నారు. దోహాలో ఒక స్టేడియం కట్టేటప్పుడు అతను రెండేళ్ళు పచ్చిక పరిచే గుంపులో ఉన్నాడు. ఏ మూల ఎన్ని నీళ్ళు పెట్టాలో, వేరు ఎక్కడ కుళ్ళుతోందో చేత్తో తడిమి చెప్పగలడు. తీరా వచ్చి చూస్తే స్కూలు మైదానంలో ఉన్నది ప్లాస్టిక్ గడ్డి. దానికి వేరూ లేదు, రోగమూ లేదు. పొద్దున్నే పెద్ద బ్రష్షుతో దాన్ని దువ్వడం, పిల్లలు పడితే మోకాళ్ళు కాలకుండా ఆటకు ముందు పైపుతో తడపడం అతని ఉద్యోగం. ఈ సంగతి ఫోన్లో చెబితే భార్య గంగాబాయి నమ్మలేదు.

"దుబాయిల గడ్డికి తల దువ్వుతరా?" అంది.

"ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పాలె? దువ్వుతరు. నూనె పెడుతలేరు, గంతే" అన్నాడు పోశన్న.

గల్ఫ్‌కు రాకముందు అతను మెట్‌పల్లిలో ఒక బ్యాండ్ పార్టీలో సైడ్ డ్రమ్ వాయించేవాడు. పదహారేళ్ళు ఆ చుట్టుపక్కల పెళ్ళి బరాత్‌లు అతని చేతుల మీదుగానే నడిచాయి. కట్నాల దగ్గర అలిగి అరుగు దిగనన్న మేనమామల చేత కూడా చిందు వేయించిన చేతులవి. తర్వాత డీజే పెట్టెలు వచ్చాయి. ఒక ట్రాలీ, ఒక మనిషి, గుండెలదిరే చప్పుడు. పద్నాలుగు మంది బ్యాండ్ పార్టీ ఒక్క ఎండాకాలంలో చెదిరిపోయింది. క్లారినెట్ అతను ఆటో కొన్నాడు, పోశన్న పాస్‌పోర్ట్ తీసుకున్నాడు. స్కూలు దరఖాస్తులో ఇవన్నీ రాయడానికి గడి లేదు కాబట్టి అతనికి డ్రమ్ వచ్చని అక్కడ ఎవరికీ తెలియదు.

ఆ స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీకి సుధాకరరావు ప్రెసిడెంటు. ఆయిల్ కంపెనీలో ఇంజనీరు, రాజమండ్రి మనిషి. ప్రపంచ కప్పు వచ్చి వెళ్ళాక ఖతార్‌లో ఫుట్‌బాల్ మీద అభిప్రాయం లేనివాడు లేకుండా పోయాడు. సుధాకరరావుకు అన్నిటిమీదా ముందునుంచే అభిప్రాయాలు ఉన్నాయి కాబట్టి ఇదొకటి చేర్చుకోవడం కష్టం కాలేదు. ఇండియన్ స్కూళ్ళ ఫుట్‌బాల్ లీగులో తమ జట్టు కిందటి ఏడు ఆఖరి స్థానంలో ఎందుకుందో ఆయన కమిటీ మీటింగులో విడమరిచి చెప్పాడు.

"మనవాళ్ళకి ఆట రాక కాదండీ. ఉత్సాహం లేక. మనకో బ్యాండు కావాలి."

కావాలన్నది వచ్చింది. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు కుచ్చులు, టోపీల మీద తెల్ల ఈకలు, ఇత్తడి బూరలు, ఆరు డ్రమ్ములు. జట్టుకు మాత్రం పాత జెర్సీలే మిగిలాయి. వాటి వీపుల మీద అంకెలు ఊడిపోయి, ఇద్దరు ఏడో నంబర్లు, ఒక సగం ఎనిమిది ఆడుతుండేవారు. బ్యాండు నేర్పే బాధ్యత కంప్యూటర్ టీచర్ నిరంజన్‌కు పడింది. అతను ఉద్యోగానికి పంపిన కాగితాల్లో 'కీబోర్డులో ప్రావీణ్యం' అని ఉండడమే కారణం. అది టైపింగ్ గురించి అని చెప్పబోయాడు గానీ, అప్పటికే ప్రిన్సిపాల్ భానుమతి చప్పట్లు కొట్టించేసింది.

అసలు సంగతి వేరే ఉంది. సుధాకరరావు ఒక విజయ గీతం రాశాడు. మాటలూ ఆయనవే, వరసా ఆయనదే. నాలుగు చరణాలు. 'ఎడారి సింహాల్లారా' అని మొదలవుతుంది. దాన్ని బ్యాండు వాయించాలి, అదీ మన జట్టు గోలు కొట్టినప్పుడే. ఊరికే వాయిస్తే విలువ పోతుందని సర్క్యులర్ పంపించాడు.

మొదటి మ్యాచ్‌లో జట్టు ఐదు సున్నాతో ఓడింది. రెండోది ఏడు సున్నా. అక్టోబరు ఎండలో ఎర్ర కోట్లు వేసుకున్న ఇరవై నలుగురు పిల్లలు బూరలు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కదలకుండా కూర్చున్నారు. సుధాకరరావు మొదటి వరుసలో ఫోన్ ఎత్తిపట్టుకుని, తన పాట రికార్డు చేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. మూడో మ్యాచ్‌కి పెద్ద బూర పట్టుకున్న పిల్లాడు నిద్రపోయాడు. నాలుగో మ్యాచ్ అయ్యాక సుధాకరరావు జట్టును వరసగా నిలబెట్టి చివాట్లు పెట్టాడు.

"ఒక్క గోలు! అవతల అంతమంది బ్యాండు వాళ్ళు మీకోసం కూర్చుంటే సిగ్గనిపించట్లేదూ?"

గోలీ ఉమైర్ తల దించుకుని, "అంకుల్, వాళ్ళనే ఆడమనండి, మేం బూరలు పట్టుకుంటాం" అన్నాడు. ఆ మాటకు అతన్ని ఒక మ్యాచ్ పక్కన పెట్టారు. ఆ మ్యాచ్‌లో తొమ్మిది గోల్స్ పడ్డాయి. మళ్ళీ తీసుకున్నారు.

సుధాకరరావు కూతురు చరిత తొమ్మిదో తరగతి. బ్యాండులో సైడ్ డ్రమ్ ఆమెది. ఒకరోజు సాయంత్రం ప్రాక్టీసు అయిపోయాక మైదానం పక్కన కూర్చుని మణికట్టు పిసుక్కుంటోంది. గడ్డి దువ్వుతున్న పోశన్న చాలాసేపు ఓర్చుకున్నాడు. ఇక ఓర్చుకోలేక బ్రష్షు కింద పెట్టాడు.

"కట్టె గట్ల బిగవట్టుకుంటె చెయ్యి గుంజుతది బిడ్డా. అది గుడ్డు అనుకో. పగలొద్దు, జారొద్దు."

"మీకు డ్రమ్ వచ్చా అంకుల్?"

పోశన్న కర్రలు అందుకుని డ్రమ్ అంచు మీద మెల్లగా రెండు దెబ్బలు వేశాడు. పద్నాలుగేళ్ళయింది. చేతులు మరిచిపోయుంటాయనుకున్నాడు. అవి అతనికంటే ముందే పరుగెత్తాయి. బరాత్ మసీదు దాటాక, పెళ్ళికూతురి వాడ మలుపు తిరిగేటప్పుడు వాయించే దరువది. చరిత నోరు తెరుచుకుని చూసింది. మర్నాటికి ఆరుగురు డ్రమ్ముల పిల్లలూ వచ్చారు. నిరంజన్ కూడా వచ్చాడు, ఒక నిమిషం విన్నాడు, బ్రహ్మాండమైన భారమేదో దిగిపోయినట్టు టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి రోజూ ఆ వేళకు అతనికి టీ దాహం వేసేది.

ఆఖరి మ్యాచ్ సొంత మైదానంలో. అవతలిది దోహా నుంచి బస్సుల్లో వచ్చిన పెద్ద స్కూలు. ఇంకో పావుగంట ఉందనగా నాలుగు సున్నా. అప్పుడు పడమటి నుంచి గాలి లేచింది. ఉమైర్ తన గోలు దగ్గర్నుంచి బంతిని విసుగ్గా తన్నాడు. ఎవరికీ అందించాలని కాదు, ముందు కళ్ళ ఎదుటినుంచి పోతే చాలనుకుని. గాలి దాన్ని ఎత్తుకుంది. అవతలి గోలీ కళ్ళల్లో ఇసుక పడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. బంతి ఒకసారి నేలకు కొట్టుకుని, అతని తల మీదుగా వలలోకి పోయింది.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఇలా జరిగితే ఏం చెయ్యాలో ఆ స్కూల్లో ఎవరికీ అలవాటు లేదు.

"బ్యాండ్! బ్యాండ్!" అని సుధాకరరావు ఫోన్ ఎత్తి అరిచాడు.

నిరంజన్ చెయ్యి ఊపాడు. ఆ గాలికి బూరల్లో నిండిన ఇసుక ఒక్కసారి బయటికొచ్చింది. ఎడారి సింహాలు గొంతు సవరించుకుంటున్నట్టు ఒక దగ్గు వినిపించి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో చరిత కర్రలు ఎత్తింది. మిగతా ఐదు డ్రమ్ములూ అందుకున్నాయి.

దరువు గోడ దాకా వెళ్ళి తిరిగొచ్చేలోపు బస్సు డ్రైవర్లు కంచె దగ్గర ఊగుతున్నారు. నిజామాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు క్లీనర్లు చీపుర్లు పారేసి లోపలికి దూకారు. దోహా నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఎవరి జట్టుకు గోలు పడిందో మరిచిపోయి లేచారు. ఆటగాళ్ళు మైదానం మధ్యలో భుజాలు ఎగరేస్తున్నారు. రిఫరీ ఈల ఊదాడు. అది కూడా తాళంలో పడిపోయింది. మనవాళ్ళు చిందు ఆపకముందే ఆట మళ్ళీ మొదలై, అవతలివాళ్ళు ఇంకో రెండు గోల్స్ కొట్టుకున్నారు. ఆరు ఒకటి. ఓడిన జట్టును భుజాల మీద మోశారు. సుధాకరరావు ఫోన్లో మాత్రం ఆయన గొంతు ఒక్కటే రికార్డయింది: "ఇది కాదు! ఇది కాదర్రా!"

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో పోశన్న మీద విచారణ.

"ఇది స్కూలా, పెళ్ళి ఊరేగింపా? వీధుల్లో వాయించే సరుకు మా అమ్మాయికి ఎవడు నేర్పాడు?" అన్నాడు సుధాకరరావు.

భానుమతికి ఇద్దరిలో ఎవరిని కోప్పడాలో తెలుసు. "ఏమయ్యా పోశన్నా, నీ పనేంటి, నువ్వు చేసిందేంటి?" అంది.

"గడ్డి దువ్వుడు నా పని మేడం. పిల్లలు చెయ్యి నొస్తుందంటె చెప్పిన."

మెమో ఇచ్చారు. తన విధులకు సంబంధించని సంగీత వాయిద్యాలను తాకినందుకు హెచ్చరిక, ఇకపై తాకనని హామీ. ఇంగ్లీషులో ఉంది. నిరంజన్ చదివి అర్థం చెప్పాడు, చెబుతూ నేల చూశాడు. పోశన్న సంతకం పెట్టి, తనకూ ఒక కాపీ కావాలని అడిగి తీసుకున్నాడు. ఆ రోజు గడ్డిని రెండుసార్లు దువ్వాడు. గంగాబాయి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

వారం తిరక్కుండా, ఆ చిందును ఎవరో తీసిన వీడియో ఆయిల్ కంపెనీలో చేతులు మారింది. క్యాంటీన్‌లో కంపెనీ పెద్దసారు సుధాకరరావు భుజం తట్టి, మీ స్కూలు జానపద లయ అద్భుతం, యాన్యువల్ డేకి నేను వస్తున్నాను అన్నాడు. సుధాకరరావు వినయంగా తల వంచి, ఆ ఆలోచన చాలాకాలంగా తన మనసులో ఉందని చెప్పాడు. సాయంత్రానికి ఆహ్వాన పత్రిక నమూనా తయారు. రూపకల్పన సుధాకరరావు, శిక్షణ నిరంజన్.

భానుమతి పోశన్నను పిలిపించి, ఈసారి కుర్చీ చూపించింది.

"పిల్లలకి ఇంకో నాలుగు రకాల దరువులు నేర్పాలి పోశన్నా. మధ్యాహ్నం నీకు రెస్టు ఉంటుంది కదా, అప్పుడు."

పోశన్న కూర్చోలేదు. జేబులోంచి కాగితం తీసి టేబుల్ మీద పరిచాడు.

"ముట్టనని సంతకం పెట్టిచ్చుకున్నరు గద మేడం. సంతకం పెట్టినంక మాట తప్పుతనా?"

"అది అప్పటి సంగతి. ప్రెసిడెంటు గారే చెబుతున్నారు."

"గట్లయితె గిది తప్పని గీ కాగితం మీదనే రాయమనున్రి. పత్రికల నా పేరు ఏయమనున్రి. గప్పుడు ముట్టుకుంట."

ప్రెసిడెంటు అలాంటివి రాయడు. మెమో తప్పంటే రాసినవాడు తప్పు చేసినట్టే కదా. పిల్లలకు వచ్చిన ఒక్క దరువు కార్యక్రమానికి చాలదు. అందుకని యాన్యువల్ డే నాడు కంపెనీ పెద్దసారు ముందు విజయ గీతమే వాయించారు. బూరలు శుభ్రం చేయించడంతో నాలుగు చరణాలూ పూర్తిగా వినపడ్డాయి. రెండో చరణంలో పెద్దసారుకు ముఖ్యమైన ఫోన్ వచ్చింది, బయటికి వెళ్ళినవాడు మరి రాలేదు. చరిత ఆ రాత్రి ఇంట్లో తండ్రితో ఏమందో తెలియదు గానీ, సుధాకరరావు ఆ తర్వాత పాటలు రాయలేదు. వచ్చే ఏడు లీగు నుంచి తప్పుకుని చదరంగం మీద దృష్టి పెట్టాలని కమిటీ తీర్మానించింది. చదరంగానికి బ్యాండు అక్కర్లేదు.

ఎర్ర కోట్లు స్టోరు గదికి చేరాయి. డ్రమ్ములు మాత్రం సాయంత్రాలు మైదానానికి వస్తూనే ఉన్నాయి. ఆరుగురూ గట్టు మీద వరసగా కూర్చుంటారు. పోశన్న మాట మీద నిలబడే మనిషి, దేన్నీ తాకడు. బ్రష్షు తోస్తూ, ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ, దరువు మొత్తం నోటితోనే చెబుతాడు. నోటి గురించి మెమోలో ఏమీ రాయలేదు.