మొదటి పేజీలో పేరు

అటక మీది పెట్టె దించి మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. అడుగున అత్తయ్య నవలలు. డచ్చివాళ్ల కాలంలో బందరు రేవులో జరిగే హత్యలు, వాటి గుట్టు విప్పే ఓ ముసలి దుబాసీ. మొత్తం తొమ్మిది పుస్తకాలు.

మా మేనత్త గుడివాడలో మాతోనే ఉంటూ, రోజూ బస్సులో బంటుమిల్లి వెళ్లి పాఠాలు చెప్పేది. ప్రతి నవలా ముందు తను చదివి, మొదటి పేజీలో పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసి నాకిచ్చేది. ఆ పేరు ముందే తెలిస్తేగానీ భయంతో పేజీ తిప్పలేకపోయేదాన్ని.

తొమ్మిదోది ఇచ్చేనాటికి ఆవిడ జబ్బుతో మంచం పట్టింది. మొదటి పేజీ ఖాళీగా ఉంది.

"పేరు రాయలేదేంటత్తయ్యా?"

"ఈసారి నువ్వే చదివి నాకు చెప్పు అమ్మలూ."

నాకు పరీక్ష పెడుతోందనుకున్నాను. భయపడుతూనే నాలుగు రోజుల్లో పూర్తిచేసి, గెలిచినదానిలా ఆవిడ ముందు నిలబడ్డాను.

"ఎవరే?" అంది, దిండు మీంచి తలెత్తి.

"నీకు తెలుసుగా! నేను చెప్పను!"

"నిజంగా తెలీదే. చెప్పవే."

ఉడికిస్తోందనుకుని నవ్వుతూ బయటికి పరిగెత్తాను. ఆ ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికే అత్తయ్య పోయింది.

ఇవాళ ఆ పుస్తకం తెరిచాను. నలభయ్యో పేజీలో ఆవిడ గుర్తుగా పెట్టుకున్న బస్సు టికెట్టు అలాగే ఉంది. అప్పుడూ చూశాను దాన్ని. పక్కకు జరిపి చదువుకుని, మళ్లీ అక్కడే పెట్టేశాను.

ఆవిడ ఆ పేజీ దాటలేదు. హంతకుడి పేరు నాకింకా గుర్తుంది.