నల్ల ముగ్గు

మాది విశాఖలో వన్‌టౌన్. ఓడల్లోంచి దించిన బొగ్గును ఒక కంపెనీ మా వీధి వెనకే గుట్టలు పోసేది. గాలి ఇటు తిరిగిందంటే ఆరేసిన బట్టలు, అన్నం గిన్నె మూత, పసిపిల్లల బుగ్గలు అన్నీ నల్లబడేవి. మా అత్తకి ఆయాసం పట్టుకుంది. గుట్టల మీద టార్పాలిన్లు కప్పించమని కాలుష్య నియంత్రణ ఆఫీసుకి అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయాం. "చూస్తాం" అనేవారు. ఏం చూస్తారో, నా మొహం!

అత్త ముగ్గు వేస్తుంటే వీధిలో వాళ్ళు ఆగి మరీ చూసేవారు. ఆవిడ వంగలేకపోయాక ఆ పని నా మీద పడింది. పొద్దున తెల్లగా వేసింది మధ్యాహ్నానికల్లా మసిబారిపోయేది. ఒకరోజు ఒళ్ళు మండి, "ఈ బొగ్గుతోనే వేసేస్తే పోతుంది" అన్నాను.

అత్త నవ్వలేదు. "అయితే ఎయ్యి" అంది.

ఆ ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని తెలిసి, డాబాల మీద ఊడ్చిన మసి డబ్బాలకెత్తాం. "వాకిట్లో నల్ల ముగ్గేటి? అపశకునం!" అని పక్కింటావిడ గుండెలు బాదుకుంది.

"పీలిస్తే లేని అపశకునం, ముగ్గేత్తే వచ్చీసిందేటే?" అని అత్త గయ్యిమంది. ఆ ఊపుకి దగ్గు తెర కమ్మేసింది. పక్కింటావిడే పరిగెత్తి మంచినీళ్ళు పట్టింది. తర్వాత కొంగు బిగించి చుక్కలు పెట్టిందీ ఆవిడే. అత్త పీట మీద కూర్చుని చేత్తో చూపిస్తుంటే మేమంతా గీతలు కలిపాం. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వీధి నిండా నల్ల పద్మాలు.

కారు వచ్చి ముగ్గు అంచున ఆగింది. "పోనీ" అన్నాడు ఆఫీసరు.

డ్రైవరు కదిలితేనా! "ముగ్గు మీంచి ఎలా పోనిత్తాను సార్?" అన్నాడు.

ఆఫీసరు దిగి, గోడవారగా నడుచుకుంటూ వచ్చి, "ఈ రంగు ఎక్కడ కొన్నారమ్మా?" అని అడిగాడు.

"కొన్లేదు బాబూ. రోజూ మా డాబా మీద పడతాది" అంది అత్త. "మిగతాది నా గుండెల్లో ఉంది."

ఆయన మొహం చిన్నబోయింది. పాపం, మంచివాడే. కొన్నాళ్ళకు టార్పాలిన్లు వచ్చాయి. సాయంత్రం దాకా తెల్లగా ఉన్న ముగ్గును చూసి వాకిట్లోనే ఏడ్చేశాను. అత్త ఆయాసం మాత్రం పూర్తిగా పోలేదు.

మిగిలిన మసి పారబోయబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఉంచు. గాలికి ఆ టార్పాలిన్లు ఎగిరిపోతే మళ్ళీ ఎయ్యాల. నాను లేకపోయినా సుక్కలు ఎట్టగలవు గదా?"