పొరపాటు మొక్కది

మా బాబాయికి పేరు తెలియని మొక్క ఈ లోకంలో లేదు. ఒక్కోసారి మొక్కలకే తమ పేరు సరిగ్గా తెలియదు, అంతే. ఆయన మందారం అన్న మొక్కకు బంతిపువ్వు పూస్తే, ఆ పొరపాటు మొక్కది.

బాబాయికి మా వీధి మొదట్లో సెలూన్ ఉంది. గడ్డానికి సబ్బు రాస్తూనే కిటికీలోంచి చూసి, దారిన పోయేవాళ్ల చేతిలో ఏ కొమ్మ కనిపించినా పేరు పెట్టేస్తాడు. "నాకు తెలీదు" అనే మాట ఆయన నోట నాకు బుద్ధి తెలిశాక వినలేదు.

మా పక్కింటి అక్క బట్టలు కుడుతుంది. ఆమె నాటిన మొక్క బతకదని వాళ్ల అత్తగారి తీర్మానం. "నీ చెయ్యి మంచిది కాదే" అని నలుగురి ముందే అనేసేది. పాపం, అక్క కూడా నమ్మేసింది. అలాంటి అక్కకు బాబాయి నర్సరీ నుంచి ఓ పొద మొక్క తెచ్చిచ్చాడు. దానికి పేరుచీటీ లేదు.

"ఏం మొక్క బాబాయిగారూ?"

"నందివర్ధనం. సందేహమే లేదు. వచ్చే నెల పూస్తుంది. కుండీలో నీళ్లు నిలవకుండా చూసుకో, చాలు."

వచ్చే నెల వచ్చింది, పోయింది. అక్క ఓ ఆకు తుంచి తెచ్చింది. "నందివర్ధనమైతే పాలు కారాలిగా బాబాయిగారూ?"

బాబాయి ఆకును వెలుగుకు పెట్టి చూశాడు. "పొరపాటు మొక్కది. ఇది డిసెంబరు పూల మొక్క. చలి రానీ."

చలి వచ్చింది. మేం స్వెట్టర్లు తీశాం, మొక్క మొగ్గ తీయలేదు.

"గంధరాజం" అన్నాడు ఈసారి. "కుండీ ఇరుకై అలిగింది. పెద్దదాంట్లోకి మార్చు, ఎండాకాలం పోయాక చూడు."

అక్క మార్చింది. ఎరువు వేసింది, మధ్యాహ్నపు ఎండ తగలకుండా పాత చీర అడ్డం కట్టింది. బాబాయి తన కత్తెర తెచ్చి కొమ్మల చివర్లు కత్తిరించేవాడు. వెనకనుంచి అద్దం చూపించి "బాగుందా?" అని అడగడం ఒక్కటే తక్కువ.

సెలూన్లో ఆయన పరువు మాత్రం పోయింది. "ఏమయ్యా, ఈ వారం దాని పేరేంటి?" అని కుర్చీ ఎక్కిన ప్రతివాడూ అడగడమే. నాకు తల కొట్టేసినట్టుండేది. "తెలీదని చెప్పెయ్యొచ్చుగా బాబాయ్" అంటే, "తెలీకపోతే కదా" అనేవాడు.

మూడో ఏడు వానలు మొదలయ్యాక ఓ పొద్దున అక్క గోడ మీంచి కేకేసింది. వెళ్లి చూస్తే పొద నిండా పూలు. విచ్చినప్పుడు ఊదా, తర్వాత లేత ఊదా, చివరికి తెలుపు, మూడూ ఒకే కొమ్మ మీద.

"చూశారా? డిసెంబరు పూల రంగు, నందివర్ధనం తెలుపు, గంధరాజం వాసన. నేను చెప్పినవన్నీ పూసింది" అన్నాడు బాబాయి.

అక్క తన రెండు చేతులూ చాపి, ఎవరివో అన్నట్టు చూసుకుంది.

ఆ రోజే నర్సరీ ఆయన గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. సంగతి విని, "మొత్తానికి పూసిందన్నమాట. మూడో ఏడు గానీ పూయదని నేను చెబితే, పేరుచీటీ అప్పుడే పీకేశారుగా" అన్నాడు.

నేను బాబాయి వంక చూశాను. "అంటే దాని పేరు నీకు మొదట్నుంచీ తెలుసా?"

"మెల్లగా మాట్లాడు. మూడేళ్లంటే ఆ పిల్ల ఆ రోజే ఆశ వదిలేసేది. వచ్చే నెలంటే ఎవరైనా నీళ్లు పోస్తారు."

తెలీదనే మాట పలకలేని మనిషి, అన్నీ తెలిసుండి వీధి వీధంతా నవ్వుతుంటే తప్పులు చెప్పాడు. ఆయన మా బాబాయని చెప్పుకోవడానికి నాకు అంతకుముందెప్పుడూ అంత గర్వం కలగలేదు.

సాయంత్రం అక్క వాళ్ల అత్తగారు ఓ చిన్న మొక్క తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "దీన్నీ నువ్వే నాటవే. నీ చెయ్యి మంచిది."

బాబాయి గోడ మీంచి తొంగి చూశాడు. "మల్లె. సందేహమే లేదు."

దానికి అప్పటికే రెండు పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. మా బాబాయి మల్లె అన్నాడంటే అది మల్లే. పొరపాటు మిరపకాయలది.